పిల్లలతో శాంతంగా మెలగడం ఎలా? విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోపం రాని అమ్మానాన్నలు ఎక్కడా ఉండరు. అయితే ఇంట్లో అరుపులు ఎప్పుడు పడితే అప్పుడు రావు. దాదాపు ప్రతి ఇంట్లోనూ రోజుకి రెండు మూడు వేళల్లోనే వస్తాయి. ఆ వేళలకి ముందే ఏర్పాటు చేసుకుంటే సగం గొడవ పుట్టదు. మిగతా సగానికి ఏం చేయాలో, ఏ మాట అనాలో ముందే అనుకుని ఉంచుకోవాలి. ఏడాది నిండిన పసివాళ్ల నుంచి ఇంటర్ చదివే పిల్లల దాకా ఎక్కువగా వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇవి.

శాంతంగా పెంచడమంటే పిల్లలు ఏం చేసినా ఊరుకోవడమేనా?

కాదు. అమెరికాకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్రిండ్ 1960లలో తల్లిదండ్రుల తీరుని మూడు రకాలుగా చెప్పారు. హుకుం జారీ చేసేవాళ్లు, దేనికీ కాదనలేనివాళ్లు, ప్రేమగా ఉంటూనే నియమం దగ్గర సడలనివాళ్లు. తర్వాతి దశాబ్దాల్లో జరిగిన పరిశోధనల్లో చాలావరకు మూడో తీరులో పెరిగిన పిల్లలే చదువులోనూ, తోటివాళ్లతో కలిసిపోవడంలోనూ మెరుగ్గా కనిపించారు.

రాత్రి తొమ్మిదయ్యాక పాప ఇంకో కార్టూన్ అడిగిందనుకోండి. టీవీ కట్టేసి, పక్కన కూర్చుని, "ఇంకోటి చూడాలనుంది కదూ తల్లీ. ఇవాళ్టికి అయిపోయింది. రేపు సాయంత్రం చూద్దువుగాని" అనండి. ఆపైన ఏడ్చినా టీవీ పెట్టకండి. ఆ ఏడుపుని వెంటనే ఆపాలనీ చూడకండి. మీరు మాట మార్చకుండా పక్కనే ఉంటే అది దానంతటదే తగ్గుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. మెత్తగా చెప్పాం కాబట్టి పిల్ల నవ్వుతూ ఒప్పుకోవాలని ఆశిస్తారు, ఒప్పుకోకపోతే "మంచిగా చెబితే వినవు" అని అరుస్తారు. మెత్తగా చెప్పినా పిల్లలకి కోపం వస్తుంది, రానివ్వండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక చిన్న నోటుబుక్కుతో. వారం రోజులపాటు, అరిచిన ప్రతిసారీ, ఆ రాత్రి తీరిక చూసుకుని నాలుగు ముక్కలు రాయండి: అప్పుడు టైమెంత, బిడ్డ అంతకుముందు ఎప్పుడు తిన్నాడు, మీరెప్పుడు తిన్నారు, దేని గురించి మొదలైంది. వారం తిరిగేసరికి ఒకే వేళలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. సాధారణంగా పొద్దున్న స్కూలు ఆటో రావడానికి ముందు అరగంట, సాయంత్రం హోంవర్కు వేళ, రాత్రి భోజనానికీ పడకకీ మధ్య సమయం. వాటిలో ఒక్కటే ఎంచుకుని రెండు వారాలు దాని మీదే పనిచేయండి. సోమవారం నుంచి అన్నీ మార్చేద్దామనుకున్న ఇళ్లలో గురువారానికల్లా పాత పద్ధతే వచ్చేస్తుంది.

ఒక హెచ్చరిక. కొత్త పద్ధతి మొదలైన మొదటి కొన్ని రోజులు పేచీ తగ్గదు, పెరుగుతుంది. ఇన్నాళ్లూ పది నిమిషాలు ఏడిస్తే ఫోను దొరికిన బిడ్డ, ఇప్పుడు దొరకకపోతే ఇరవై నిమిషాలు ఏడ్చి చూస్తాడు. "ఇదేం పనిచేయడం లేదు" అని ఇరవయ్యో నిమిషంలో ఇచ్చేస్తే, ఇరవై నిమిషాలు ఏడవాలన్నమాట అని నేర్చుకుంటాడు. ఆ కొన్ని రోజులూ ఎలాగోలా గట్టెక్కించగలమా అని భార్యాభర్తలిద్దరూ ముందే మాట్లాడుకోండి. పండగకి చుట్టాలొచ్చే వారంలోనో, పరీక్షల ముందో మొదలుపెట్టకండి.

కోపం తన్నుకొచ్చేసిన ఆ క్షణంలో ఏం చేయాలి?

కోపం నోట్లోకి రాకముందు ఒంట్లోకి వస్తుంది. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, చెయ్యి పిడికిలి పడటం, గొంతు ఒక మెట్టు పైకెక్కడం. మీ గుర్తు ఏదో కనిపెట్టుకోండి. అది కనిపించగానే ముందు చేతిలో ఉన్నది, అట్లకాడైనా స్కేలైనా, కింద పెట్టేయండి. మాట ఆపండి. ముక్కుతో 4 లెక్కపెడుతూ పీల్చి, నోటితో సన్నగా 6 నుంచి 8 లెక్కపెడుతూ వదలండి. ఇలా 5 సార్లు, సుమారు ఒక నిమిషం.

వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటమే ఇందులో కిటుకు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి పనితీరు వల్ల గుండె వేగం కాస్త తగ్గుతుంది, పీల్చేటప్పుడు పెరుగుతుంది. "గట్టిగా ఊపిరి తీసుకో" అని ఎవరో చెప్పారని పెద్ద పెద్దగా పీలిస్తే తల తిరుగుతుంది, కోపం మాత్రం అలాగే ఉంటుంది. బుస్సుమని శబ్దం చేస్తూ వదిలినా పిల్లలకి అది ఇంకో రకం అరుపులాగే వినిపిస్తుంది.

అయిదుసార్లకీ తగ్గకపోతే పక్కకి వెళ్లండి, కానీ చెప్పి వెళ్లండి: "నాన్నా, నాకు కోపంగా ఉంది. మొహం కడుక్కుని రెండు నిమిషాల్లో వస్తాను." చెప్పకుండా తలుపేసుకుంటే చిన్నపిల్లలకి అమ్మ వదిలేసి పోయినట్టే ఉంటుంది. చెప్పిన రెండు నిమిషాలకే తిరిగి రండి. ఐదేళ్ల లోపు పిల్లలైతే వెళ్లేముందు పొయ్యి, బాల్కనీ తలుపు, బాత్‌రూమ్‌లో నీళ్ల బకెట్టు చూసుకోండి. పాకే వయసు పిల్లలకి బకెట్టులో రెండంగుళాల నీళ్లున్నా ప్రమాదమే.

ఇదంతా కోపం లేనప్పుడు అలవాటు చేసుకోవాలి. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడినప్పుడు రోజూ అయిదుసార్లు చేసినవాళ్లకే అవసరమైనప్పుడు గుర్తొస్తుంది.

పొద్దున్న స్కూలుకి బయల్దేరేటప్పుడు రోజూ యుద్ధమే. ఏం మార్చాలి?

గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి. ఆటో 7:50కి వస్తుందనుకుందాం. 7:40కి బూట్లు. 7:15 నుంచి 7:35 దాకా టిఫిను. 6:50 నుంచి 7:15 దాకా స్నానం, యూనిఫాం. అంటే 6:30కి లేపాలి, మొదటి ఇరవై నిమిషాలు బద్ధకం తీరడానికీ పళ్లు తోముకోవడానికీ. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 6:30కి లేవాల్సిన బిడ్డ ఎంత ఆలస్యమైనా రాత్రి 9:30కల్లా నిద్రపోయి ఉండాలి. ఇంటిల్లిపాదీ తొమ్మిదిన్నరకి భోజనానికి కూర్చుంటే, ఆ పొద్దుటి యుద్ధం ముందురోజు రాత్రే మొదలైనట్టు లెక్క. పెద్దవాళ్ల భోజనం ఎప్పుడైనా, పిల్లలకి 7:30కి పెట్టేయండి.

రాత్రి పది నిమిషాల పని పొద్దున్న అరగంట మిగులుస్తుంది. బ్యాగు, సంతకం పెట్టిన డైరీ, ఐడీ కార్డు, బెల్టు, వాటర్ బాటిల్ అన్నీ గుమ్మం పక్కన ఒకే చోట. సాక్సులు జతగా మడిచి బూట్లలోనే పెట్టేయండి, పొద్దున్న వెతుకులాట ఎక్కువగా రెండో సాక్సు కోసమే. ఒకే రంగువి అయిదారు జతలు కొంటే ఏ రెండైనా జతవుతాయి. తెల్ల యూనిఫాం వేసే రోజు ఏదో గోడ మీద రాసి ఉంచండి. కరెంటు పోతుందన్న బెంగ లేకుండా వారానికి సరిపడా బట్టలు ఆదివారమే ఇస్త్రీ చేసి పెట్టుకోండి. "ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడా, కారప్పొడి నెయ్యా?" అని రాత్రే అడిగేయండి.

లేపేటప్పుడు వంటింట్లోంచి కేకేయకండి. దగ్గరికెళ్లి వీపు మీద చెయ్యి వేసి, కర్టెన్ తీసి, ఒక్క నిమిషం కూర్చోండి. వంటింట్లోంచి పదిసార్లు పిలవడానికి పట్టేది అంతకంటే ఎక్కువే.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి బొమ్మల చార్టు బాగా పనిచేస్తుంది: బ్రష్షు, స్నానం, యూనిఫాం, టిఫిను, బూట్లు. అయిదు బొమ్మలు చాలు. బొమ్మలు బిడ్డ చేతే గీయించి, వాడి కళ్లకి అందే ఎత్తులో అంటించండి. చార్టు పెట్టాక కూడా మీరు "స్నానం, స్నానం" అంటూ ఉంటే వాడు చార్టు చూడడు, మీ అరుపు కోసమే ఎదురుచూస్తాడు. "చార్టులో తర్వాతేముంది?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

స్కూల్లో బాగానే ఉంటాడట. ఇంటికి రాగానే చిరాకు, ఏడుపు. ఎందుకు?

రోజంతా బిగపట్టుకుని ఉన్నది ఇంటికొచ్చాక వదులుతాడు. మీ దగ్గర భయం లేదని అర్థం. దానికి తోడు ఆకలి, దాహం, ఎండ. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైతే సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండలోనే ఇల్లు చేరతారు.

వచ్చిన మొదటి 20 నుంచి 30 నిమిషాలు ప్రశ్నలు వద్దు. "టెస్టులో ఎన్నొచ్చాయి?" అసలే వద్దు. కాళ్లు కడిగించి గ్లాసుడు మజ్జిగ, అరటిపండో, అటుకుల ఉప్మానో, జొన్నరొట్టె ముక్కో ఇవ్వండి. పెద్ద పిల్లలకి వేరుశెనగ గుళ్లు, బెల్లం మంచివే. ఐదేళ్ల లోపు వాళ్లకి గుళ్లు గొంతుకి అడ్డం పడే ప్రమాదముంది, ఇవ్వకండి. ట్యూషను స్కూలు నుంచి వచ్చిన పావుగంటకే ఉంటే, ఆ టైము మార్చమని అడగడమే ఉత్తమం. ఆ పావుగంటలో ఏ పద్ధతీ పనిచేయదు.

ఒకటికి పదిసార్లు చెప్పినా వినడు. వినేలా చెప్పడం ఎలా?

పక్క గదిలోంచి చెప్పిన మాటని లెక్కలోకి తీసుకోకండి. చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లి, కళ్లు కలిసే ఎత్తుకి వంగి, పేరు పిలిచి, ఒక్క పనే చెప్పండి. చెప్పాక నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టండి. ఆటలో మునిగిన బిడ్డ దాన్నుంచి తేరుకుని మీ మాట అందుకోవడానికి ఆమాత్రం టైము పడుతుంది. ఆ పది సెకన్లలోనే మనం ఇంకో రెండుసార్లు అనేస్తాం, దాంతో మొదటిసారి వినక్కర్లేదని వాడికి అలవాటవుతుంది.

వద్దన్నది కాకుండా చేయాల్సింది చెప్పండి. "పరిగెత్తకు" కంటే "నా చెయ్యి పట్టుకుని నడువు". "అరవకు" కంటే "మెల్లగా చెప్పు, వింటున్నా". చేసి తీరాల్సిన పనిని ప్రశ్నలా అడగకండి. "స్నానం చేస్తావా?" అంటే "చెయ్యను" అనే హక్కు మీరే ఇచ్చినట్టు. "స్నానం టైమైంది. వేన్నీళ్లా, చన్నీళ్లా?" అంటే పని ఖాయం, ఎంపిక వాడిది. "స్నానం అయ్యాక సైకిల్" అనడం మంచిది. "స్నానం చేయకపోతే సైకిల్ లేదు" అన్నా విషయం అదే, కానీ ఈ రెండో మాట పోట్లాటకి పిలిచినట్టుంటుంది.

బీసెంట్ రోడ్డులో, షాపు ముందు కింద పడి దొర్లితే?

సగం పని ఇంటి దగ్గరే ఉంది. తిండి పెట్టి, నిద్ర వేళ కాకుండా చూసుకుని బయల్దేరండి. మూడేళ్ల బిడ్డకి దసరా, సంక్రాంతి రద్దీలో ముప్పావుగంట చాలా ఎక్కువ. ఆటో ఎక్కే ముందే మూడు మాటలు చెప్పండి: "అక్కకి డ్రస్సు కొంటాం. బొమ్మలు కొనం. అయ్యాక నిమ్మసోడా తాగుతాం." నిమ్మసోడా ఏడ్చినా ఏడవకపోయినా ఉంటుంది. దాన్ని లంచంగా మార్చకండి.

పడిపోయాక: ముందు వాహనాల నుంచి పక్కకి జరపండి. ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఇంకో చెయ్యి వీపు వెనక వేసి, మొహం బయటికి ఉండేలా ఎత్తుకుంటే కాళ్లు మీకు తగలవు. గోడ వారగానో, మెట్ల మీదో కూర్చోబెట్టి మీరూ కూర్చోండి. ఒక్కసారి అనండి: "ఆ కారు కావాలి. కొనలేదని ఏడుపొచ్చింది." ఆ తర్వాత మాట్లాడకండి. ఆ ఊపులో నీతి చెప్పినా బుర్రకెక్కదు. ఉద్వేగాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యేళ్లు దాటుతాయి, మూడేళ్లకి అది ఇంకా మొదట్లోనే ఉంటుంది. ఏడుపు చాలావరకు కొన్ని నిమిషాల్లో దిగుతుంది. వెక్కిళ్లు మొదలయ్యాయంటే దిగుతున్నట్టు గుర్తు. అప్పుడు నీళ్లు ఇవ్వండి, ఎత్తుకోండి. ఏం జరిగిందో రాత్రి పడుకునేటప్పుడు రెండు మాటల్లో మాట్లాడుకోవచ్చు.

చుట్టూ చేరినవాళ్లు మంచి మనసుతోనే "ఏడిస్తే పోలీసులొస్తారు", "ఇంజెక్షను వేయిస్తాం" అంటారు. "పర్లేదండీ, కాసేపట్లో సర్దుకుంటాడు" అని ఊరుకోండి. ఇంజెక్షనుతో బెదిరించిన బిడ్డని రేపు టీకాకి తీసుకెళ్లాల్సింది మీరే. తప్పిపోతే పోలీసు దగ్గరికి వెళ్లి అడగాల్సిన బిడ్డకి పోలీసంటే భయం నేర్పడం అంతకంటే ప్రమాదం.

ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగపట్టి నీలంగా మారిపోతుంది. అందుకని ఏదడిగితే అది ఇచ్చేస్తున్నాం.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు కొందరిలో ఇది కనిపిస్తుంది. కావాలని చేసేది కాదు. పక్కకి తిప్పి చదునుగా పడుకోబెట్టండి. కుదపకండి, నోట్లో వేళ్లు పెట్టకండి, నీళ్లు పోయకండి. చేతిలో తాళాలు పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. సాధారణంగా నిమిషం లోపే ఊపిరి అందుకుంటుంది. మొదటిసారి జరిగినప్పుడు తప్పకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. రక్తంలో ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువ, లోపముంటే ఐరన్ మందుతో చాలామందికి తగ్గుతుంది. నీలంగా కాకుండా పాలిపోతే గుండె పరీక్ష కూడా అడుగుతారు. నిమిషం దాటినా ఊపిరి తీసుకోకపోయినా, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నా, ఆరు నెలల లోపు బిడ్డయినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

డాక్టరు భయం లేదన్నాక, అడిగిందల్లా ఇవ్వడం మానేయవచ్చు.

మేమూ దెబ్బలు తినే పెరిగాం, బాగానే ఉన్నాం కదా?

దెబ్బ పనిచేస్తున్నట్టు కనిపించడానికి కారణముంది. కొట్టగానే బిడ్డ ఉలిక్కిపడి ఆగిపోతాడు. ఆ ఆగడం చూసి మనకి నమ్మకం కుదురుతుంది. కానీ ఆగింది భయంతో. రేపు మీరు లేనప్పుడు అదే పని చేస్తాడు, దాచడం నేర్చుకుంటాడు, తమ్ముడి మీద చెయ్యి ఎత్తుతాడు. దెబ్బలకీ తర్వాతి దూకుడు ప్రవర్తనకీ సంబంధముందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో దెబ్బలే కాదు, అరిచి అవమానించడం కూడా వద్దని చెప్పింది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా చట్టంతో నిషేధించింది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "రెండు తగిలించండి మాస్టారూ" అని మీరు చెప్పినా టీచరుకి ఆ హక్కు రాదు.

కొట్టడానికి బదులు, చేసిన పనికి సంబంధించిన పర్యవసానం పెట్టండి. గోడ మీద గీస్తే తడిగుడ్డతో పది నిమిషాలు తుడవాలి, మీరూ పక్కన తుడవండి. పుస్తకం చింపితే అతికించాలి. తమ్ముణ్ణి కొడితే ఇద్దర్నీ విడదీసి, చల్లారాక తమ్ముడికి ఏం చేస్తే బాగుంటుందో అడగాలి. పర్యవసానం చిన్నదై ఉండాలి, ఆ రోజే అయిపోవాలి. "నెలరోజులు సైకిల్ బంద్" అంటే మూడో రోజుకి మీరే ఇచ్చేస్తారు. బాత్‌రూమ్‌లో పెట్టి గొళ్లెం వేయడం, "నిన్ను హాస్టల్లో పడేస్తా", "నువ్వు నా కొడుకువే కాదు" అనడం దెబ్బకి తీసిపోవు.

అరిచేశాను. చెయ్యి కూడా చేసుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

ఇద్దరూ చల్లారాక, అదే రోజు, నిద్రకి ముందు చెప్పండి. "పొద్దున్న నిన్ను కొట్టాను. అది తప్పు. నీకు నొప్పేసింది, భయమేసింది. ఈసారి కోపమొస్తే పక్కకి వెళ్తాను." ఇంతే. చివర్లో "కానీ నువ్వు అలా చేయకపోతే..." అని తగిలించారంటే క్షమాపణ మొత్తం నేరారోపణ అయిపోతుంది. చాక్లెట్టు కొనివ్వకండి, అలవాటైతే దెబ్బకి ఖరీదు కట్టినట్టుంటుంది. మీరు ఏడుస్తూ చెబితే మిమ్మల్ని ఓదార్చే పని బిడ్డ మీద పడుతుంది. వాడు వెంటనే కరగకపోయినా బలవంతం చేయకండి.

మేం వద్దన్నది నానమ్మా తాతయ్యా ఇచ్చేస్తున్నారు.

అన్నిటికీ పట్టుపట్టకండి. ఒక లడ్డూ ఎక్కువైనా, ఒక పూట చదువు తప్పినా కొంపలు మునగవు. రెండే రెండు నియమాలు అడగండి: ఒకటి, బిడ్డని కొట్టకూడదు, భయపెట్టకూడదు. రెండు, అమ్మానాన్నా కాదన్నదాన్ని బిడ్డ ఎదుట మార్చకూడదు.

చెప్పేది ఎవరన్నదే ఇక్కడ ముఖ్యం. నానమ్మకి కొడుకు చెప్పాలి, అమ్మమ్మకి కూతురు చెప్పాలి. ఫోను ఇవ్వొద్దన్న మాట కోడలి నోట వస్తే విషయం ఫోను నుంచి జారి గౌరవం మీదికి పోతుంది. బిడ్డ నిద్రపోయాక మెల్లగా, "అమ్మా, నేను ఫోను వద్దన్నాక నువ్విస్తే రేపట్నించి ఏడుపంతా నీ దగ్గరే పెడతాడు. వాడడిగితే 'మీ నాన్ననడుగు' అను చాలు" అని కొడుకే చెప్పాలి. కోడలే చెప్పాల్సొస్తే సాయం అడిగినట్టు చెప్పడం మేలు: "అత్తయ్యగారూ, మీరు కథ చెబుతుంటే అన్నం బాగా తింటుందండీ. రాత్రి పూట మీరే పెట్టరూ?" పెద్దవాళ్లకి బిడ్డతో తమదైన ఒక వేళ ఉంటే, చాక్లెట్టుతో మచ్చిక చేసుకునే అవసరం చాలావరకు పోతుంది.

ఫోను లేకుండా అన్నం తినడు. ఎలా మాన్పించాలి?

రెండేళ్ల లోపు పిల్లలకి స్క్రీను అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి రోజుకి గంట లోపేననీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం మాట. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిన్నితో వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదు. ఫోను చూస్తూ తినే బిడ్డకి కడుపు నిండినట్టు తెలియదు, నమలడం కూడా మర్చిపోతాడు.

మూడు పూటలా ఒకేసారి ఆపకండి. ఆకలి ఎక్కువుండే ఒక పూట, సాధారణంగా పొద్దున్న టిఫిను, ఎంచుకోండి. అంతకు గంటన్నర ముందు నుంచి పాలు, బిస్కెట్లు వద్దు. కంచం ముందు 25 నుంచి 30 నిమిషాలే కూర్చోబెట్టండి, తిన్నంత తిన్నాక తీసేయండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీరు చూసుకోండి, ఎంత తినాలన్నది వాడికి వదలండి. మూడు నుంచి ఐదు రోజులు తక్కువ తింటాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తర్వాతి పూట సర్దుకుంటాడు. బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకి చూపించాకే మొదలుపెట్టండి.

మిగతా వేళల్లో వీడియోలు వాటంతటవే వరసగా వచ్చే ఆటోప్లేని ఆపేయండి. మధ్యలో లాక్కోకుండా, ఆ వీడియో అయ్యేదాకా చివరి నిమిషం మీరూ పక్కన కూర్చుని చూసి, "అయిపోయింది, నువ్వే ఆపు" అని వాడి వేలితోనే ఆపించండి. ఆ తర్వాతి పని చేతిలో సిద్ధంగా ఉండాలి: మొక్కలకి నీళ్లు, బంతి, చపాతీ ముద్ద. ఇంటివాళ్లందరి ఫోన్లూ భోజనం వేళ ఒకే చోట ఛార్జింగ్‌లో ఉండాలి, నాన్న ఫోనుతో సహా.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎప్పుడూ కొట్టుకుంటారు.

దెబ్బలు తగలనంత వరకు తీర్పు చెప్పకండి. "ఎవరు మొదలుపెట్టారు?" అన్న ప్రశ్న గొడవని పొడిగిస్తుంది. ఇద్దరి మాటా ఒక్కోసారి తిరిగి చెప్పి, "బంతి ఒకటే ఉంది, ఇద్దరికీ కావాలి, ఏం చేద్దాం?" అని వదిలేయండి. రోజుకి పది నిమిషాలు ఒక్కొక్కరితో విడిగా, ఫోను లేకుండా గడపండి. మనం ఊహించినంత చిన్న విషయం కాదది.

మార్కులు, ర్యాంకుల విషయంలో శాంతంగా ఉండటం మా ఊళ్లో సాధ్యమేనా?

ఫలితాలొచ్చిన మర్నాడు ప్రతి కూడలిలో ర్యాంకుల ఫ్లెక్సీలు లేచే ఊళ్లలో ఉన్నాం. పక్కింటి పిల్లవాడి హాల్‌టికెట్ నంబరు కూడా మనకి తెలుస్తుంది. అందుకే ఇక్కడి తల్లిదండ్రులకి ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

ప్రోగ్రెస్ రిపోర్టు చేతికొచ్చాక మొదటి అయిదు నిమిషాలు అంకెల గురించి మాట్లాడకండి. "ఏది బాగా రాశాననుకున్నావు? ఏది కష్టమైంది? దేంట్లో సాయం కావాలి?" అని అడగండి. మూడో ప్రశ్నకి వచ్చిన జవాబులో ఒక్కటైనా ఆ వారంలోనే చేసి చూపించండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలోనే, రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టడం చదువుకే నష్టం.

హాస్టల్లో ఉన్న పిల్లలతో మాట్లాడే ఆ కాసేపు ఫోన్లో వీక్లీ టెస్టు మార్కులు అడగకండి. అవి ఎలాగూ మీకు మెసేజ్‌లో వస్తాయి. "ఈ వారం ఏది బాగా కష్టమనిపించింది నాన్నా?" అని అడిగి, తర్వాత వినండి. వార్డెన్ పక్కనే ఉంటే మనసు విప్పలేరు కాబట్టి ముందే ఒక మాట అనుకోండి. "మామిడికాయ పప్పు పంపమ్మా" అంటే "వెంటనే వచ్చి నన్ను కలవండి" అని అర్థం. ఆ మాట వినిపిస్తే ఔటింగ్ ఆదివారం దాకా ఆగకుండా వెళ్లండి. వెళ్లాక "దీనికోసం రప్పించావా?" అనకండి, అంటే మళ్లీ పిలవరు.

ఇంటర్ తప్పినవాళ్లకి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఆ ఏడాదే ఉంటాయి, ఏడాది వృథా కాదు. ఈ సంగతి ఫలితాలు రాకముందే బిడ్డకి చెప్పి ఉంచండి. ఫలితాల రోజు పెద్దవాళ్లలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. చుట్టాల ఫోన్లు బిడ్డ చేతికివ్వకండి.

తిండి, నిద్ర బాగా తగ్గినా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నా, "నేను లేకపోతే మీకు హాయి" అంటున్నా సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడిగితే దాచుకున్నది బయటికొస్తుంది. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. మిర్చి, పత్తి పండించే ఇళ్లలో పురుగుమందులు ఇంట్లోంచి తీసేసి తాళం వేసిన చోట పెట్టండి, నిద్రమాత్రలు కూడా. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

అన్నీ తెలిసినా నా కోపం నా చేతుల్లో ఉండటం లేదు.

ముందు నిద్ర చూడండి. అయిదింటికి లేచి పదకొండింటి దాకా నిలబడే అమ్మకి ఏ కిటుకూ పనిచేయదు. నాన్న "సాయం చేస్తాను" అనడం చాలదు. ఒక వేళ పూర్తిగా ఆయనదే కావాలి: రాత్రి స్నానం నుంచి నిద్ర దాకానో, పొద్దున్న లేపడం నుంచి ఆటో ఎక్కించడం దాకానో. ఆ వేళలో సాక్సు దొరకకపోయినా అమ్మని పిలవకూడదు.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఈ రెండింట్లో తేడా ఉన్నా విసుగు, నీరసం పెరుగుతాయి. కాన్పయ్యాక రెండు వారాలకి మించి దిగులు, ఏడుపు ఉన్నా, బిడ్డకేమైనా చేసేస్తానేమోనన్న ఆలోచనలు వస్తున్నా అది జబ్బు, చెడ్డతనం కాదు. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పండి. విజయవాడ, గుంటూరు రెండు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంట్లో మద్యం వల్ల గొడవలుంటే తాగి ఉన్న వేళ చర్చ పెట్టకుండా పిల్లల్ని అక్కణ్ణించి తప్పించండి. ప్రాణభయముంటే 112, మహిళలకి 181.

ఇది అల్లరి కాదు, వేరే ఏదో ఉందని ఎప్పుడు అనుమానించాలి?

ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లకి "అమ్మా పాలు" లాంటి రెండు మాటల జత రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా డాక్టరుకి చూపించాలి. మాటలు ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని ఆగడం వల్ల పోయేది విలువైన కాలం. ఐదేళ్లు దాటినా రోజుకి చాలాసార్లు మంకుపట్టు, ప్రతిసారీ అరగంట దాకా దిగకపోవడం, తల గోడకేసి కొట్టుకోవడం, తనని తాను కొరుక్కోవడం కూడా చూపించాల్సినవే. రాత్రి గురకపెట్టి నోటితో ఊపిరి తీసుకునే బిడ్డ పగలంతా చిరాగ్గా ఉంటే ముక్కు వెనక పెరిగే కండ, అడినాయిడ్స్, కారణం కావచ్చు. చదవడంలో మాత్రమే వెనకబడి మిగతా అన్నిట్లో చురుగ్గా ఉంటే సోమరి అనే ముందు కళ్లు పరీక్ష చేయించి, చదువులో ఇబ్బందుల పరీక్ష గురించి అడగండి.

డాక్టరు దగ్గర బిడ్డ సాధారణంగా బుద్ధిగా కూర్చుంటాడు. అందుకని ఇంట్లో జరిగేది ఫోన్లో రెండు నిమిషాలు తీసి ఉంచుకోండి, వాటిని ఇంకెవరికీ పంపకండి. వాడి ఎదుటే తప్పులన్నీ ఏకరువు పెట్టకుండా, చెప్పదలుచుకున్నవి కాగితం మీద రాసి డాక్టరుగారి చేతికివ్వండి.